మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరం: తొలినాటి ఎలక్ట్రానిక్ వాద్యాలపై చర్చ

పాతవాల్వు – శనివారం, రాత్రి 9:20

మా నాన్నగారు వాల్వు రేడియోలు, అంటే వేడెక్కి వెలిగే గాజు గొట్టాలతో నడిచే పాత రేడియోలు, బాగు చేసేవారు. రాత్రి పూట ఆయన షార్ట్‌వేవ్ మీద ముల్లు తిప్పుతుంటే రెండు స్టేషన్ల మధ్య ఒక కూత వినిపించేది. ముల్లు వెంట్రుకవాసి జరిగితే చాలు, కూత సన్నబడి పైకి పాకేది. వెనక్కి తిప్పితే బొంగురుపోయి కిందికి దిగేది. ఆ కూత వినడానికే నేను ఆయన పక్కన కూర్చునేవాడిని.

ఒక ఫ్రెంచి చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాదకుడు ఆ కూతనే పట్టుకొని వాద్యం తయారు చేశాడని చాలా ఏళ్ల తరవాత తెలిసింది. ఆయన మారిస్ మార్తెనో. మొదటి ప్రపంచ యుద్ధంలో వైర్‌లెస్ పని చేశాడు. చెవికి అందనంత వేగంగా కంపించే రెండు విద్యుత్ తరంగాలను కలిపితే వాటి తేడా చెవికి వినబడుతుంది. ఒకటి సెకనుకు 80,000 సార్లు, ఇంకొకటి 80,440 సార్లు కంపిస్తే మనం వినేది 440. రష్యాలో లెవ్ థెరెమిన్ అంతకు ముందే, 1920 ప్రాంతంలో, ఈ కిటుకుతోనే గాలిలో చేతులు ఆడించి పలికించే పెట్టెను చేశాడు. మార్తెనోకు మాత్రం వేలికి ఏదో ఒకటి తగలాలి. తీగ మీద వేలు జారించిన మనిషి కదా.

ఆయన వాద్యం 1928లో పారిస్ ఒపేరాలో జనం ముందుకు వచ్చింది. పేరు ఓంద్ మార్తెనో, అంటే మార్తెనో తరంగాలు. మొదటి నమూనాలో మెట్లు లేవు. వాదకుడు పెట్టెకు కొంచెం ఎడంగా నిలబడి ఒక దారం లాగేవాడు. తరవాతి నమూనాల్లో మెట్లు వచ్చాయి, కానీ అవి పియానో మెట్లలా బిగుసుకొని ఉండవు. మెట్టును నొక్కి పట్టి అటూ ఇటూ కదిపితే స్వరం కూడా కదులుతుంది. మెట్లు వద్దనుకుంటే వాటి ముందు సాగే దారానికి కట్టిన ఉంగరాన్ని చూపుడు వేలికి తొడుక్కొని, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా ఆగకుండా జారవచ్చు.

ఇలాంటి వాద్యాల గురించి ఇక్కడ మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నాకు కనిపించింది ఒకటే. ఆనాటి గొప్పవాళ్లలో చాలామంది మెట్ల వరుసను పెట్టారు, పెట్టి దాని కట్టు తెంచడానికే ప్రయత్నించారు.

తిత్తిమెట్లు – శనివారం, రాత్రి 10:05

పాతవాల్వు గారూ, మెట్టును పక్కకు కదిపితే స్వరం కదులుతుందన్న మాట దగ్గర ఆగిపోయాను.

ముప్పై ఏళ్లుగా పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. పద్యం చివర నటుడు రాగం తీస్తాడు. ఆ రాగం ఒక మెట్టు మీద నిలవదు, రెండు మెట్ల మధ్య సందులోకి వెళ్లి అక్కడ ఊగుతుంది. నేను చేయగలిగింది ఆ రెండు మెట్లనూ గబగబా నొక్కి శ్రోతల చెవిని నమ్మించడం. తిత్తి కొంచెం బిగపట్టి గాలి తగ్గిస్తే స్వరం మెత్తబడుతుంది, అంతే. ఆకాశవాణి వాళ్లు 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని లోపలికి రానివ్వలేదు. మా గురువుగారు ఆ మాట ఎత్తినప్పుడల్లా బాధపడేవారు, కానీ మెట్ల మధ్య స్వరాలు అది పలకలేదని వాళ్లు చెప్పిన కారణం తప్పని మాత్రం ఏనాడూ అనలేదు.

మెట్టు కదిలే హార్మోనియం ఉంటే నా జీవితం వేరుగా ఉండేది. అది ఎలా పనిచేస్తుందో ఇంకొంచెం చెప్పండి.

వలయం47 – ఆదివారం, ఉదయం 6:50

నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను కాబట్టి ఆ భాగం నాకు వదిలేయండి.

మార్తెనో వాద్యంలో కుడి చేయి స్వరాన్ని మాత్రమే ఎంచుకుంటుంది. అసలు ప్రాణం ఎడమ చేతిలో ఉంది. పెట్టెకు ఎడమ వైపు చిన్న సొరుగు ఉంటుంది, దానిలో ఒక మీట. మీట కింద తోలు సంచి, సంచిలో విద్యుత్తును కొంత పోనిచ్చే పొడి. మీటను నొక్కే కొద్దీ పొడి రేణువులు దగ్గరపడి విద్యుత్తు ఎక్కువగా పారుతుంది, ధ్వని పెరుగుతుంది. పాత టెలిఫోను మైకులో బొగ్గు గుండ చేసిన పనే ఇది. ఎడమ చేయి మీటను ముట్టుకోకపోతే కుడి చేత్తో ఎన్ని మెట్లు నొక్కినా వాద్యం పలకదు. అంటే ప్రతి స్వరం పుట్టుకా చావూ వాదకుడి ఎడమ వేలి కింద జరుగుతాయి. చెల్లో కమాను చేసే పనిని మార్తెనో ఈ సంచిలో దాచాడు. మీ తిత్తి పనికి దీనికంటే దగ్గరి చుట్టం మరొకటి ఉండదు, తిత్తిమెట్లు గారూ.

స్పీకర్ల సంగతి కూడా చెప్పాలి. ఒక దానిలో మామూలు కాగితపు శంకువుకు బదులు లోహపు గంట మోగుతుంది. ఇంకొకటి తాటాకు ఆకారంలో ఉంటుంది, దాని మీద తీగలు బిగించి ఉంటాయి. వాద్యం పలికిన స్వరానికి ఆ తీగలు తమంతట తామే వంత పాడతాయి, సితారు కింది తీగల్లాగా.

సాయంకాలం – ఆదివారం, ఉదయం 8:15

నేను వాద్యం వాయించను, పాటలు వింటాను. ఈ జాతి వాద్యాన్ని మనలో ప్రతి ఒక్కరూ వినే ఉన్నారు.

1954లో వచ్చిన హిందీ నాగిన్ చిత్రంలోని నాగస్వరం, అంటే పాములవాడి బూర, బూర కాదు. క్లావియొలిన్ అనే వాల్వుల వాద్యాన్ని కల్యాణ్‌జీ వాయించారు, తోడుగా రవి హార్మోనియం పట్టారు. సంగీతం హేమంత్ కుమార్‌ది. అప్పటికి కల్యాణ్‌జీ, రవి ఇద్దరూ సంగీత దర్శకులుగా పేరు తెచ్చుకోలేదు. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ఈ నాటికీ వాయించే ఆ నాగుపాము వరుస పుట్టింది ఫ్రాన్సులో రూపొందిన ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలో.

పాతవాల్వు – ఆదివారం, ఉదయం 9:00

సాయంకాలం గారూ, మంచి చోట పట్టుకున్నారు. క్లావియొలిన్‌ను 1947లో కాన్‌స్టాంట్ మార్టిన్ చేశాడు. మూడు స్వర స్థాయిల చిన్న మెట్ల వరుస, విడిగా ఒక స్పీకరు పెట్టె. పియానో మెట్ల కింద బిగించుకొని ఒక చేత్తో దీన్నీ ఇంకో చేత్తో పియానోనూ వాయించేవారు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. 1962లో ఇంగ్లండులో జో మీక్ రూపొందించిన టెల్‌స్టార్ అనే వాద్య గీతంలోనూ ఇదే మోగింది. ఆకాశంలోకి పంపిన కొత్త ఉపగ్రహం మీద కట్టిన ఆ వరుస బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. ఒకే పెట్టె ఇక్కడ పుట్టలోని పామైంది, అక్కడ ఉపగ్రహమైంది.

దాని అన్నగారు ఒందియొలిన్. జార్జ్ జెన్నీ అనే ఫ్రెంచి వ్యక్తి 1940 ప్రాంతంలో చేశాడు. అందులో మెట్ల వరుస మొత్తాన్ని స్ప్రింగుల మీద నిలిపాడు. వరుసను చేత్తో పక్కలకు ఊపితే స్వరం వణుకుతుంది, ధ్వని పెంచడానికి మోకాలితో ఒక మీటను నెట్టాలి.

వీణతీగ – ఆదివారం, మధ్యాహ్నం 1:30

నా అభిప్రాయం వేరు, నొచ్చుకోకండి.

నేను వీణ నేర్పుతాను. మీరు చెబుతున్న వణుకు గమకం, అంటే మన రాగంలో స్వరాన్ని ఊపి పలికే తీరు, కాదు. స్వరాన్ని పట్టుకొని దాని చుట్టూ సమంగా అటూ ఇటూ ఆడించడం పాశ్చాత్యుల అలంకారం. మన కంపితం అనే గమకం అలా ఉండదు. తోడి రాగంలోని గాంధారాన్ని తీసుకోండి. అది గాంధారపు మెట్టు మీద నిలబడి వణకదు. రిషభం నుంచి లేస్తుంది, మధ్యమాన్ని తాకీ తాకనట్టు తాకి వస్తుంది. ఎంతసేపు పైన ఉండాలో, ఎంత వేగంగా దిగాలో కృతిలోని సందర్భం చెబుతుంది. పిల్లలకు అది చేతికి రావడానికి నెలలు పడుతుంది. మెట్టును గోరంత పక్కకు కదిపితే వచ్చేది తోడి గాంధారమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

వాళ్లది వాళ్ల సంగీతం కోసం చేసిన ప్రయత్నం, అంతవరకూ గౌరవమే. మన సంగీతాన్ని మనసులో పెట్టుకొని ఎవరైనా అలాంటి వాద్యం చేశారా? లేకపోతే ఈ పోలిక ఎందుకు?

పాతవాల్వు – ఆదివారం, సాయంత్రం 5:10

చేశారండి. అదే మార్తెనో.

రవీంద్రనాథ్ ఠాగూర్‌కు హార్మోనియం గిట్టదు. దాన్ని శాంతినికేతన్‌లో అడుగు పెట్టనివ్వలేదు. ఆయనా, ఆయనకు సన్నిహితుడైన ఫ్రెంచి సంగీతవేత్త అలేన్ డానియేలూ కోరిన మీదట 1938లో మార్తెనో మన సంగీతంలోని సూక్ష్మ శ్రుతులు పలికే ప్రత్యేక నమూనాను తయారు చేశాడు. డానియేలూ కాశీలో చాలా ఏళ్లు ఉండి రుద్రవీణ నేర్చుకున్నవాడు, తరవాత మద్రాసు అడయారు గ్రంథాలయానికి సంచాలకుడిగా కూడా పనిచేశాడు. శ్రుతుల లెక్కను మెట్లలోకి దించాలన్న పట్టుదల ఆయనను చివరిదాకా వదలలేదు.

మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. శ్రుతుల సంఖ్య పెంచితే గమకం వచ్చేయదు. మెట్లు పన్నెండున్నా యాభై ఉన్నా మెట్లు మెట్లే. కానీ ఉంగరం సంగతి వేరు కదా? ఉంగరానికి మెట్లు లేవు. రిషభం నుంచి లేచి మధ్యమాన్ని తాకీ తాకనట్టు రావడానికి దానికి ఏ అడ్డూ లేదు. ఎడమ చేయి ఆ లేచే చోట బలం ఇచ్చి దిగే చోట తగ్గించగలదు.

ఇంకొక సంగతి మీకు నచ్చుతుంది. మార్తెనో వాద్యానికి అన్నిటికంటే పేరు తెచ్చిన రచన ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రాసిన పెద్ద సింఫొనీ. 1949 డిసెంబరులో బోస్టన్‌లో తొలిసారి వినిపించారు. దాని పేరు తురంగలీల. శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పిన 120 దేశీ తాళాల్లో ఒక తాళం పేరు అది. మెస్సియాన్ ఆ తాళాల పట్టికను ముందు పెట్టుకొని జీవితాంతం రచనలు చేశాడు. తొలి ప్రదర్శనలో ఈ వాద్యం వాయించింది మార్తెనో చెల్లెలు జినెత్.

వీణతీగ – ఆదివారం, రాత్రి 8:45

సంగీత రత్నాకరం ప్రసక్తి వస్తుందని అనుకోలేదు. రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడు వ్యాఖ్య రాసిన గ్రంథం అది, తెలుగువాళ్లకు పరాయిది కాదు. తురంగలీల వింటాను. ఉంగరం మాట కూడా ఆలోచిస్తాను. పారిస్ వాద్యాన్ని చూడకుండా తీర్పు చెప్పాను, తొందరపడ్డాను.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. వీణ మీద నేను తీగను మెట్టు మీద నొక్కి పక్కకు లాగుతాను. తీగ బిగువు నా వేలికి ఎదురు చెబుతుంది, ఎంత లాగానో ఆ ఎదురు వల్లే తెలుస్తుంది. ఆ ఉంగరానికి అలాంటి ఎదురు ఉంటుందా?

ఉత్తరధ్రువం – సోమవారం, ఉదయం 7:20

నేను కెనడాలో ఉంటాను. వీణతీగ గారి ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది, అది మార్తెనోది కాదు, హ్యూ లె కేన్ అనే కెనడా భౌతిక శాస్త్రవేత్తది.

ఆటవాలోని సైన్సు మ్యూజియం సేకరణలో ఆయన చేసిన ఎలక్ట్రానిక్ శాక్‌బట్ అనే వాద్యం ఉంది. నేను చూశాను. బల్ల లాంటి కొయ్య చట్రం, దాని మీద మెట్ల వరుస, ఇంట్లో వడ్రంగి పనిలా కనిపిస్తుంది. 1945లో మొదలుపెట్టి 1948కి పూర్తి చేశాడు. పగలు జాతీయ పరిశోధన మండలిలో రాడార్, అణు భౌతికం వంటి పనులు, మిగిలిన వేళల్లో ఇది.

అందులో ప్రతి మెట్టుకూ రెండు విధాల ప్రాణం ఉంది. మెట్టును లోతుగా నొక్కితే ధ్వని పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. పక్కకు నెడితే స్వరం వంగుతుంది. మెట్టు వేలికి ఎదురు చెబుతూనే కదులుతుంది, వీణతీగ గారు అడిగింది ఇదే. ఎడమ చేతికి వేరే అమరిక ఉంది. ఒక్కొక్క వేలు నాదం రంగును ఒక్కొక్క విధంగా మారుస్తుంది, గరుకు చేస్తుంది, నునుపు చేస్తుంది, గాలి ఊదినట్టు చేస్తుంది.

విద్యుత్ వోల్టేజితో స్వరాన్నీ ధ్వనినీ నడిపించడం ఆ తరవాత వచ్చిన సింథసైజర్లన్నిటికీ, అంటే విద్యుత్తుతో రకరకాల నాదాలు పుట్టించే వాద్యాలకు, పునాది. దాన్ని లె కేన్ వాటికి 20 ఏళ్ల ముందే చేశాడు. ఆయన వాద్యం మాత్రం దుకాణానికి చేరలేదు. ఇప్పటికీ చాలామంది ఆయన పేరు విన్నది 1955లో ఒకే ఒక్క నీటిచుక్క శబ్దాన్ని టేపు మీద వేగాలు మార్చి అల్లిన రచన వల్ల. శాక్‌బట్ ముందు నిలబడినప్పుడు నాకు మొదట ఆనందం, తరవాత కోపం వచ్చాయి. గాజు తలుపు వెనక ఉండాల్సిన వాద్యం కాదు అది.

తిత్తిమెట్లు – సోమవారం, ఉదయం 10:40

ఉత్తరధ్రువం గారి కోపం నాకు అర్థమైంది. ఇంత మంచి ఆలోచనలు ఎందుకు నిలవలేదు? నా చేతికి వచ్చిన ఎలక్ట్రానిక్ కీబోర్డులన్నీ ఆన్, ఆఫ్ తప్ప ఏమీ తెలియనివి. వెయ్యి వాద్యాల గొంతులు పలుకుతాయి, ఒక్క గొంతూ వంగదు.

వలయం47 – సోమవారం, రాత్రి 9:30

డబ్బు, బరువు, నేర్పేవాళ్లు. ఈ మూడింటి దగ్గరే కథ ఆగింది.

బరువు అంటే థాడియస్ కాహిల్ గుర్తొస్తాడు. అమెరికావాడు, 1897లో పేటెంటు పొందాడు. అప్పటికి వాల్వే పుట్టలేదు, ధ్వనిని పెంచే సాధనం ఏదీ లేదు. అందుకని ఆయన ఒక్కొక్క స్వరానికి నిజమైన విద్యుత్ జనరేటరునే కట్టాడు. పళ్లు చెక్కిన ఉక్కు చక్రాలు తిరుగుతుంటే పళ్ల సంఖ్యను బట్టి విద్యుత్తు కంపిస్తుంది, ఆ కంపనమే స్వరం. వాద్యం పేరు టెల్‌హార్మోనియం. రెండో నమూనా సుమారు 200 టన్నులు తూగింది. మసాచుసెట్స్‌లోని హోల్యోక్‌లో కట్టి, 1906లో రైలు పెట్టెలకెత్తి న్యూయార్క్ చేర్చారు. బ్రాడ్‌వేలో నేలమాళిగలో యంత్రాలు, పై అంతస్తులో మెట్ల ముందు ఇద్దరు వాదకులు. సంగీతం టెలిఫోను తీగల మీద హోటళ్లకు వెళ్లేది. ఇంత బలమైన విద్యుత్తు పక్క తీగల్లోకి చొరబడి, మాట్లాడుకుంటున్న వాళ్ల ఫోనుల్లో పాట మోగేది. గొడవలు పెరిగాయి, 1908కి ప్రదర్శనలు ఆగిపోయాయి. ఆ యంత్రపు రికార్డింగు ఒక్కటీ మిగలలేదు. దాని నాదం ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే, ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం అది.

ఆ తిరిగే చక్రాల ఆలోచనను లారెన్స్ హామండ్ అనే గడియారాల తయారీదారు 1930లలో చిన్నది చేశాడు. 91 చిన్న చక్రాలు, గడియారానికి వాడిన మోటారు, వాల్వు ఆంప్లిఫయరు. అదే హామండ్ ఆర్గన్. అది దేశదేశాలకూ వెళ్లింది. అయితే దానిలో మెట్టు నొక్కడమే, వంగడం లేదు.

పాతవాల్వు – సోమవారం, రాత్రి 10:15

హామండ్ కంపెనీదే ఇంకొక వాద్యం ఉంది, 1939 నాటి నోవాకార్డ్. 163 వాల్వులు! ఒక రేడియోలో ఐదో ఆరో వాల్వులు ఉండే కాలం అది. 72 మెట్లూ ఒకేసారి నొక్కినా 72 స్వరాలూ పలుకుతాయి. వెయ్యి పైచిలుకు చేశారు, యుద్ధం వచ్చి 1942లో ఆపేశారు. వాల్వుల వేడి తెలిసినవాడిగా చెబుతున్నాను, దాని వెనక పలక తీసి నిలబడటమే ఒక సాహసం.

తిత్తిమెట్లు గారి ప్రశ్నకు నా జవాబు మూడో కారణం దగ్గర ఉంది, నేర్పేవాళ్లు. మార్తెనో వాద్యం ఇప్పటికీ బతికి ఉండటానికి పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో 1947లోనే దానికి తరగతి పెట్టడం ముఖ్య కారణం. ఝాన్ లోరియో వంటి వాదకులు జీవితమంతా దానికే ఇచ్చారు. బెర్లిన్‌లోని ట్రౌటోనియానికి ఆ అదృష్టం లేదు.

వీణతీగ గారూ, ట్రౌటోనియం మాత్రం మీ కోసమే చెబుతున్నాను. ఫ్రీడ్రిష్ ట్రౌట్‌వైన్ 1930కి తయారు చేశాడు. దానికి మెట్లు లేవు. లోహపు పట్టీ మీద కొంచెం ఎత్తులో ఒక తీగ సాగి ఉంటుంది. వేలితో తీగను పట్టీకి తగిలేలా నొక్కిన చోట స్వరం పలుకుతుంది. వేలు జారిస్తే స్వరం జారుతుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత ధ్వని. చోటు గుర్తు పట్టడానికి తీగ పైన తోలు తొడిగిన చిన్న నాలుకలు ఉంటాయి, కావాలంటే వాటిని నొక్కవచ్చు, లేదంటే నేరుగా తీగనే. మెట్లు లేని గోటువాద్యాన్ని విద్యుత్తులోకి మార్చితే దాదాపు ఇలాగే ఉంటుంది.

జర్మన్ స్వరకర్త పాల్ హిండెమిత్ దాని కోసం ముగ్గురు వాయించే రచన చేసి, 1930 జూన్‌లో బెర్లిన్‌లో తానే ఒక వాద్యం ముందు కూర్చున్నాడు. పక్కన ఆయన శిష్యుడు ఆస్కర్ సాలా, అప్పటికి 20 ఏళ్లు నిండలేదు. సాలా 2002లో కన్నుమూసేదాకా ఆ వాద్యాన్ని వదలలేదు, తానే దాన్ని పెంచి పెద్దది చేశాడు. హిచ్‌కాక్ 1963లో తీసిన బర్డ్స్ చిత్రంలో గుంపులుగా మీద పడే పక్షుల అరుపులు సాలా వాద్యం నుంచి వచ్చినవే. డెబ్బై ఏళ్లకు పైగా ఒక్క మనిషి ఒక్క వాద్యం. తరవాత ఆ విద్యను అంతగా అందుకున్నవాళ్లు లేరు.

వీణతీగ – మంగళవారం, ఉదయం 6:10

రాత్రంతా ట్రౌటోనియం గురించే ఆలోచించాను. తీగ, వేలు, ఒత్తిడి. ఇది వాద్యం. ఇక వాదించను.

లయ వైపు ఎవరైనా ఇలాంటి పని చేశారా?

వలయం47 – మంగళవారం, ఉదయం 7:00

చేశారు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. అమెరికా స్వరకర్త హెన్రీ కొవెల్ అడిగితే థెరెమిన్ కట్టిన రిథ్మికన్. 1932లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. దానికి 17 మెట్లు. మొదటి మెట్టు నొక్కితే ఒక స్వరం ఒక కాలానికి ఒకసారి మోగుతుంది. మూడో మెట్టు అదే కాలంలో మూడు సార్లు, ఐదోది ఐదు, ఏడోది ఏడు. ఇలా పదహారు దాకా. పదిహేడో మెట్టు దెబ్బల స్థానాన్ని మారుస్తుంది. లోపల రంధ్రాలు చేసిన చక్రాలు తిరుగుతుంటే కాంతి ఆ రంధ్రాల గుండా వెళ్లి, కాంతిని విద్యుత్తుగా మార్చే ఫొటోసెల్ మీద పడుతుంది.

మన పిల్లలు తిస్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం అని చేత్తో లెక్కపెట్టే మూడు, నాలుగు, ఐదు, ఏడు నడలు ఇక్కడ వేళ్ల కింద ఉన్నాయి. నాలుగో మెట్టూ ఐదో మెట్టూ ఏడో మెట్టూ కలిపి నొక్కితే మూడు నడలు ఒకేసారి పరిగెత్తి, కాలం నిండగానే సమం మీద కలుస్తాయి. ఇంకా అందమైన విషయం ఏమిటంటే, ఐదో మెట్టు స్వరం కూడా మొదటి మెట్టు స్వరానికి ఐదు రెట్ల కంపనం. లయకూ శ్రుతికీ ఒకే నిష్పత్తి. లయ వేగం పెరిగితే శ్రుతి అవుతుందన్నది పాఠంలో చెబుతాం, ఈ పెట్టె దాన్ని వినిపిస్తుంది.

కొవెల్ 1950లలో మద్రాసు వచ్చి మన సంగీతం విన్నాడు. ఆయన 13వ సింఫొనీ పేరే మద్రాసు, జలతరంగం కూడా ఉన్న ఆ రచన తొలి ప్రదర్శన 1959లో ఆ ఊళ్లోనే జరిగింది.

సాయంకాలం – మంగళవారం, రాత్రి 8:20

మన దేశంలో ఆ తరవాతి కాలం గురించి రెండు మాటలు. 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికా వాదకుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని నిలబెట్టాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్ వంటివాళ్లు దాని మీద చేసిన రచనల టేపులు దశాబ్దాలు అక్కడే పడి ఉండి, 2023లో రికార్డుగా వచ్చాయి. తరవాత 1982లో బొంబాయి సినీ వాదకుడు చరణ్‌జీత్ సింగ్ పది రాగాలను జపాను సింథసైజర్ల మీద వాయించి రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన వాడిన చిన్న పెట్టెలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే మీట ఉంది. యాంత్రికమే, కానీ రాగం గుర్తు పట్టేలా జారుతుంది.

ఉత్తరధ్రువం – బుధవారం, ఉదయం 6:30

మూగ్ మాట వచ్చింది కాబట్టి అసలు దారి ఎక్కడ చీలిందో చెప్పాలి. 1960ల మధ్యలో అమెరికా తూర్పున రాబర్ట్ మూగ్, పడమట డాన్ బుక్లా ఇద్దరూ ఒకే సమయంలో సింథసైజర్లు కట్టారు. మూగ్ పియానో మెట్లు పెట్టాడు. బుక్లా వద్దన్నాడు. తెల్ల నల్ల మెట్లు కనబడితే వేళ్లు పాత వరుసలే వెతుక్కుంటాయని ఆయన నమ్మకం. వేలి స్పర్శ తెలిసే లోహపు పలకలు అమర్చాడు. 1968లో వెండీ కార్లోస్ మూగ్ వాద్యం మీద బాఖ్ రచనలు వాయించి రికార్డు చేశాక జనం మెట్లున్న వాద్యం వైపే నడిచారు. లె కేన్ పద్ధతి మరుగున పడింది. మెట్లు మళ్లీ బిగుసుకున్నాయి, వంచడానికి పక్కన ఒక చక్రం మిగిలింది. మన కర్ణాటక కీబోర్డు వాదకులు ఎడమ చేత్తో ఆ చక్రం తిప్పి గమకాలు పలికించడం చూసినప్పుడు వాళ్ల పట్టుదలకు దండం పెట్టాలనిపిస్తుంది. పని మాత్రం రెండు చేతుల మధ్య చీలిపోయింది.

ఈ మధ్య కాలంలో లిప్పోల్డ్ హాకెన్ చేసిన కంటిన్యువమ్ వంటివి ఆ పాత దారిలోకి వచ్చాయి. మెట్లు లేని మెత్తటి పలక, వేలు ఎటు కదిలినా తెలుస్తుంది. రెహమాన్ ఢిల్లీ 6 చిత్రంలోని ఒక పాట చివర దాన్ని వాయించారు.

తిత్తిమెట్లు – బుధవారం, మధ్యాహ్నం 2:00

అది కొనే స్తోమత నాకు లేదు. చేత్తో చేసుకోగలిగింది ఏమైనా ఉందా? ఉంగరం చాలు నాకు, మెట్లు లేకపోయినా ఫరవాలేదు.

వలయం47 – బుధవారం, రాత్రి 9:00

ఉంది. 555 అనే చిన్న టైమర్ చిప్పు, ఒక కెపాసిటరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, చిన్న స్పీకరు. నిరోధకం స్థానంలో దళసరి అట్ట మీద 6బి పెన్సిలుతో దట్టంగా గీసిన రెండు అంగుళాల వెడల్పు పట్టీ. పెన్సిలు గ్రాఫైటు విద్యుత్తును కొంత పోనిస్తుంది. పట్టీ ఒక కొసకు ఒక తీగ, వేలికి ఇత్తడి ఉంగరం, ఉంగరానికి రెండో తీగ. ఉంగరం పట్టీని తాకిన చోటును బట్టి స్వరం మారుతుంది.

వీణతీగ గారికి ఒక మాట. ఈ సర్క్యూట్‌లో కంపన కాలం పట్టీ పొడవును బట్టి ఉంటుంది. పొడవు సగమైతే స్వరం దాదాపు ఒక స్థాయి పైకి వెళ్తుంది. అంటే పైకి పోయే కొద్దీ స్వరస్థానాలు దగ్గరపడతాయి, పియానో మెట్లలా సమంగా ఉండవు. అచ్చంగా వీణ లెక్క.

వీణతీగ – శనివారం, సాయంత్రం 6:40

మా శిష్యురాలి తమ్ముడు సర్క్యూట్ కట్టి ఇచ్చాడు. వీణ దండి మీది మెట్ల దూరాలను కాగితం మీద గుర్తులు పెట్టుకొని, వాటిని పట్టీ పక్కన అంటించాను. పెన్సిలు ఒకే దట్టంగా పడలేదు, అందుకని పంచమం గుర్తుకు అంగుళం కిందికి వచ్చింది. చెవితో సరిచేసుకున్నాను.

తోడి గాంధారం ప్రయత్నించాను. నాదం తుమ్మెద ఝంకారంలా ఉంది, కానీ ఊపు వచ్చింది. రిషభం నుంచి లేచి, మధ్యమం అంచు తాకి దిగింది. పక్క గదిలో ఉన్న శిష్యురాలు తోడి అని గుర్తు పట్టింది. లోపం ఒక్కటే, మొదలూ చివరా ఒకే బలంతో మోగుతోంది. గమకంలో పై అంచు తేలికగా ఉండాలి, అది కుదరడం లేదు.

వలయం47 – శనివారం, రాత్రి 8:00

అందుకే మార్తెనోకు ఎడమ చేతి సంచి కావలసి వచ్చింది. గ్రాఫైటు పొడిలో అభ్రకం పొడి కలిపి మెత్తటి తోలు సంచిలో నింపి, రెండు రాగి రేకుల మధ్య పెట్టి, స్పీకరుకు పోయే తీగలో కలపండి. గ్రాఫైటు విద్యుత్తును పోనిస్తుంది, అభ్రకం అడ్డుతుంది. రెండింటి పాళ్లు మార్చి చూస్తే నొక్కుడుకు తగిన మెత్తదనం దొరుకుతుంది. సమం సమంగా మొదలుపెట్టండి.

తిత్తిమెట్లు – శనివారం, రాత్రి 8:25

తోలు నా దగ్గర ఉంది, పాత హార్మోనియం తిత్తిది. మాది గూడూరు పక్క ఊరు, అభ్రకం గనుల నేల. రేపు పొద్దున్నే పొడి తెచ్చి జల్లెడ పడతాను. వీణతీగ గారూ, మీకూ ఒక పొట్లం పంపుతాను.